సీటు వెనక తడి

మూడో అంతస్తు, వీధి వైపు గది
ఆదివారం ఉదయం

వదినా,

కారు క్షేమంగా చేరిందని ఆ రోజే కార్డు ముక్క రాశాను గానీ, అసలు ఉత్తరం రాయడానికి నెలన్నర పట్టింది. కోప్పడకు. కోప్పడినా చదివాక కోప్పడు.

ముందు థాంక్స్. లారీ మీంచి బుల్లిది దిగుతుంటే మా వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చూసింది. రెండే సీట్లు, గుడ్డ టాపు, కప్పలాంటి లైట్లు. దాన్ని తుక్కు కింద కొన్నప్పటి నుంచి పదేళ్ళు అన్నయ్య ఒక్కో రేకూ కొట్టి నిలబెట్టాడు. ఇంకొకళ్ళని నట్టు ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటిది, "మీ అన్నయ్య నిన్ను ఉంచుకోమన్నారు" అని ఒక్క వాక్యం రాసి తాళాలు పంపించేశావు. ఎందుకో అడుగుదామంటే ఫోను తియ్యవు. "ఇచ్చినప్పుడు పుచ్చుకుని నోరు మూసుకో" అంటుంది మా ఆవిడ.

ఇప్పుడు నోరు తెరవక తప్పడం లేదు. మొదటి వాన పడ్డ మర్నాడు తలుపు తీస్తే గుప్పున ముక్కిన వాసన. పక్క సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్ తొక్కితే నీళ్ళు స్పంజిలోంచి వచ్చినట్టు పైకొచ్చాయి. నాలుగు గ్లాసులు తోడాను. మళ్ళీ వాన, మళ్ళీ నాలుగు గ్లాసులు. పైన కప్పున్న చోటు మాకు లేదని తెలుసుగా, వీధిలోనే నిలబెడతాం. పట్టా కప్పితే గాలి దాన్ని బెలూన్ ఊదినట్టు ఊది లేపేస్తోంది.

ఇక్కడి మెకానిక్ ఒకాయన చుట్టూ తిరిగి చూసి, "పాత కార్లన్నాక కారతాయి సార్" అని చెయ్యి దులుపుకున్నాడు. నాకేమో కట్టుడు పళ్ళ సెట్లు చెయ్యడం తప్ప ఇంకో పని రాదు. ఇలాగే వదిలేస్తే ఫ్లోరు తుప్పు పట్టి అన్నయ్య పదేళ్ళ కష్టం నా చేతుల్లో నీళ్ళపాలవుతుంది. ఏం చెయ్యాలో అన్నయ్యని అడిగి రాయి. తిట్టినా సరే, ఆ తిట్లు కూడా రాయి.

నీ మరిది


వర్క్‌షాపు వెనక ఇల్లు
బుధవారం మధ్యాహ్నం

చిన్నోడా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. బెలూన్ దగ్గర నవ్వారు. తిట్లేమీ లేవు.

ఫోను సంగతి వదిలెయ్. మీ అన్నయ్యకి ఫోనులో మాట్లాడ్డం ఈ మధ్య పడటం లేదు. ఉత్తరమైతే తీరిగ్గా ఇద్దరం కూర్చుని ఆలోచిస్తాం. నువ్వు చూసింది చూసినట్టు వివరంగా రాస్తే చాలు.

ముందు అవి ఏ నీళ్ళో తేల్చు. వేలు ముంచి వాసన చూడు. తియ్యటి వాసనొచ్చి, జిడ్డుగా తగిలితే అవి ఇంజను నీళ్ళు. లోపల హీటరు కారుతోందన్నమాట. పలచగా, మామూలుగా ఉంటే వాననీళ్ళే. నాలిక్కి మాత్రం తగిలించకు, ఇంజను నీళ్ళు విషం.

తర్వాత సీట్లు విప్పు. ఒక్కోదానికి నాలుగు బోల్టులు. కార్పెట్టు, దాని కింద దుప్పటిలా ఉండే ఫెల్టు, మొత్తం లాగి బయట పడెయ్. కార్పెట్టు ఆరేస్తే బాగుపడుతుంది, ఫెల్టు మాత్రం దొంగది. పైకి ఆరినట్టు కనపడి లోపల నెల్లాళ్ళు తడి దాచుకుంటుంది. ఫ్లోరు పొడిగుడ్డతో తుడిచి పాత న్యూస్‌పేపర్లు పరువు. ఏ కాగితం ముందు తడిసిందో చూసుకోవచ్చు.

నీళ్ళు తేలిన చోటే కారుతోందనుకోకు. ఒకచోట దూరి, రేకు పట్టుకుని పాక్కుంటూ పోయి, పల్లం దొరికిన చోట ఆగుతాయి. అందుకని పైపు పెట్టి కారంతా ఒకేసారి తడిపేయొద్దు. సన్నటి ధార, కింది నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో చోట పది నిమిషాలు. బయట ఒకరు పొయ్యాలి, లోపల ఒకరు చూడాలి.

టాపు మీద అనుమానం పెట్టుకోకు. ఆ గుడ్డ నేను కుట్టింది. ప్రతి కుట్టుకీ మైనం పట్టించాను.

మీ ఆవిడకి, అదే మా చెల్లికి, ఆపరేషను తర్వాతి అలుపు తగ్గిందా? మందులు మానెయ్యలేదు కదా?

వదిన


మూడో అంతస్తు
ఆదివారం సాయంత్రం

వదినా,

నువ్వు వద్దన్న పనే చేశాను. రాసేస్తున్నాను, దాచి లాభం లేదు.

నీళ్ళు వాననీళ్ళే. సీట్లు విప్పడానికి ఒక శనివారమంతా పట్టింది. ఎనిమిదో బోల్టు ఊడేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఫెల్టు నువ్వన్నట్టే దొంగది. చెత్తకుండీ దాకా ఎత్తుకెళ్తుంటే చొక్కా తడిసి ముద్దయింది.

పేపర్లు పరిచాం. మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని, ముందుజాగ్రత్తగా గొడుగు కూడా పట్టుకుని లోపల కూర్చుంది. నేను సన్నటి ధారతోనే మొదలుపెట్టాను. రెండు చోట్లయ్యాయి. ఇరవై నిమిషాలు. చుక్క కూడా రాలేదు. ఇలాగైతే ఎప్పటికి తేలుతుందిరా దేవుడా అనిపించి, పైపు నోటికి వేలు అడ్డం పెట్టి కారు మొత్తం కడిగేశాను.

"ఎక్కడ కారుతోంది?" అని అరిచాను.

"ఎక్కడ కారట్లేదో అడుగు, చెప్పడం తేలిక!" అని లోపల్నుంచి కేక.

తలుపు తీసేసరికి ఒళ్ళో గొడుగు తెరుచుకుని కూర్చుని ఉంది, ముక్కు చివర నీటిబొట్టు. నన్ను చూసి పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. కింది వాటా వాళ్ళు కిటికీ తీసి మరీ చూశారు. ఆస్పత్రి రోజుల తర్వాత తను అలా నవ్వడం ఇదే మొదలు, వదినా. నాకైతే కారు కారితే కారిందిలే అనిపించింది.

కానీ పేపర్లన్నీ తడిశాయి, ఏదీ తేలలేదు. బుద్ధొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పించు.

నీ మరిది


వర్క్‌షాపు వెనక ఇల్లు
శుక్రవారం

తొందరపాటు మరిదికి,

గొడుగు ముక్క మీ అన్నయ్య మూడుసార్లు చదివించుకున్నారు. మూడోసారి నవ్వలేక దగ్గొచ్చింది. మీరిద్దరూ చేసిన తెలివితక్కువ పనికి మా ఇంట్లో ఒక సాయంత్రం బాగా గడిచింది, అందుకు థాంక్స్. ఇక పనిలోకి రా.

పూర్తిగా ఆరనివ్వు. కిటికీలు దించి, రెండు ఎండలు. ఆరాక తలుపుల సంగతి చూడు. కాగితం ముక్క ఒకటి రబ్బరు బీడింగ్ మీద పెట్టి తలుపు వేసి, కాగితం లాగు. బిగువుగా వస్తే అక్కడ రబ్బరు పట్టుకుందని. జారిపోతే పట్టు లేదని. తలుపు చుట్టూ బెత్తెడు బెత్తెడు దూరంలో లాగుతూ రా.

కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీళ్ళు దిగుతాయి. దిగనీ, ఏ కారుకైనా దిగుతాయి. అవి తలుపు అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. ఆ కన్నాలు మట్టితో పూడాయేమో పుల్లతో పొడువు. తర్వాత డోరు ప్యాడ్, అదే తలుపు లోపలి అట్ట, విప్పు. దాని వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. నేను అతికించినప్పుడు కింది అంచుని లోపలి వైపుకే మడిచి పెట్టాను, నీళ్ళు తలుపులోనే జారాలని. అది ఊడి వేలాడుతుంటే నీళ్ళు నేరుగా కార్పెట్టు మీదికే. కొత్త షీటు కొని అలాగే మడిచి అతికించు.

ఒక్క రోజు ఒక్క పని. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది బాగుచేసిందో తెలీదు.

వదిన


మూడో అంతస్తు
సోమవారం, పని నుంచి వచ్చాక

వదినా,

శుభవార్త సగం, దిగులు సగం.

కాగితం పరీక్ష చేస్తుంటే నాకు నా పనే గుర్తొచ్చింది. పళ్ళ సెట్టు పెట్టాక పై పన్నూ కింది పన్నూ ఎక్కడ ఆనుతున్నాయో చూడ్డానికి మేం ఒక నీలం కాగితం కరిపిస్తాం. ఆనిన చోట నీలం అంటుకుంటుంది. దాన్నే తలుపు చుట్టూ అంటించి వేసి చూశాను. పై మూలన నాలుగు వేళ్ళ మేర నీలం పడలేదు! కీలు కాస్త సవరించి మళ్ళీ వేస్తే గీత గీసినట్టు చుట్టూ పడింది. మా ల్యాబులో చెబితే అందరూ ముక్కున వేలేసుకున్నారు. మా సీనియరాయన "అయితే ఇక మనం కార్లకి కూడా పళ్ళు కట్టొచ్చు" అన్నాడు.

తలుపు అడుగు కన్నాలు రెండూ పూడిపోయి ఉన్నాయి. పుల్ల పెట్టగానే కాఫీ రంగు నీళ్ళు నా చేతి మీదుగా మోచేతి దాకా వచ్చాయి. ప్లాస్టిక్ షీటు నువ్వన్నట్టే వేలాడుతోంది. కొత్తది మడిచి అతికించాను.

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే నాలుగు గ్లాసులకి ఒకటిన్నర గ్లాసు. తగ్గింది, ఆగలేదు. మళ్ళీ అదే చోట, పక్క సీటు ముందు. మా వీధి పల్లం, కారు ముక్కు కిందికి పెట్టి నిలబెడతాం, దానికేమైనా సంబంధం ఉందా? ఈ నెలాఖరులోగా తేలిపోతే బాగుండు, నా కారణాలు నాకున్నాయి.

ఇంకోమాట అడుగుతాను, ఏమనుకోకు. నాలుగు నెలల్నుంచి ఇన్ని ఉత్తరాలు నడుస్తున్నాయి. అన్నయ్య తన చేత్తో ఒక్క ముక్క రాయలేదు. కారిచ్చాడు, ఇంత ఓపిగ్గా చెప్పిస్తున్నాడు, మరి కోపమైతే కాదు. మా ఆవిడ వైద్యం జరిగినప్పుడు నేనటు రాలేకపోయాననా? ఆయనకి చెప్పు, నాన్న పోయాక నా ఫీజు కట్టడానికి ఆయన సెలవు రోజుల్లో కూడా రేకు కొట్టిన చప్పుడు నా చెవుల్లోంచి పోలేదని. మర్చిపోయిన మనిషిని కాను.

నీ మరిది


వర్క్‌షాపు వెనక ఇల్లు
గురువారం

చిన్నోడా,

కోపం లేదు. ఎవరికీ ఎప్పుడూ లేదు. ఆ మాట ఇంకోసారి అనకు.

నీలం కాగితం సంగతి విని మీ అన్నయ్య కళ్ళు పెద్దవి చేశారు. మాక్కూడా తట్టలేదు.

ముందద్దం కింద, బానెట్ చివర, గాలి లోపలికి పోయే జల్లెడ ఉంటుంది. దాని కింద తొట్టి, తొట్టికి రెండు పక్కలా రబ్బరు గొట్టాలు. ఆకులు పడి గొట్టం మూసుకుంటే తొట్టి నిండి లోపలికి పొర్లుతుంది. అవి శుభ్రం చెయ్. అయినా ఆగకపోతే ఫ్లోరంతా, పక్క రేకులంతా ఒంటికి రాసుకునే పౌడరు చల్లు. పలచగా. నీళ్ళు నడిచిన దారి పౌడరు మీద గీతలా పడుతుంది. గీత ఎటు నుంచి వచ్చిందో అటు వెనక్కి వెళ్ళు.

నెలాఖరు కారణాలేమిటో రాయలేదు. సరే, నేనడగను.

వదిన


మూడో అంతస్తు
ఆదివారం

వదినా,

దొరికింది. దొరికిందనే అనుకుంటున్నాను.

తొట్టిలో గుప్పెడు ఆకులు, ఒక గొట్టం పూర్తిగా మూసుకుపోయి ఉంది. తీసేశాను. ఒకటిన్నర గ్లాసు కాస్తా అరగ్లాసైంది. ఆ అరగ్లాసు మాత్రం మొండికేసింది. ఇక పౌడరు చల్లాం. మా ఆవిడ తన పౌడరు డబ్బా మొత్తం ధారపోసి, "పెళ్ళయ్యాక నాకు కొన్న దానికన్నా దీనికే ఎక్కువ పూశావు" అంది.

వాన వెలిశాక చూస్తే చీమలబారులా సన్నటి గీత. ముందు నుంచి కాదు! వెనక నుంచి. సీటు వెనక రేకు మీంచి దిగి, పక్క గట్టు పట్టుకుని, పల్లం వైపు నడుచుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. ముక్కు కిందికి పెట్టడం వల్లే నీళ్ళన్నీ ముందుకొచ్చి చేరుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను ఊరి ఈ చివర నిలబడి ఆ చివరి దొంగ కోసం వెతుకుతున్నాను.

గీత వెంట వెనక్కి వెళ్ళాను. టాపు వెనక అంచుని బాడీకి నొక్కిపెట్టే ఇనప పట్టీ ఉంది కదా, ఏడు బోల్టులది. చెయ్యి దూరే చోటు కాదు. పన్ను వెనక చూసే చిన్న అద్దం ల్యాబు నుంచి తెచ్చి, వంచి చూశాను. అయిదు బోల్టుల కింద సీలెంట్ జిగురు చక్కగా నల్లగా ఉంది. చివరి రెండింటికీ లేదు. పొడి ఇనుము, చుట్టూ తుప్పు. పట్టీ కింద రబ్బరు కూడా అంతదాకా రాలేదు, జానెడు ముందే ఆగిపోయింది. రబ్బరు ఎక్కడిదాకా రావాలో గీసిన సుద్దగీత మాత్రం మూల దాకా ఉంది.

అర్థం కావడం లేదు. అన్నయ్య ఏ పనీ ఇలా సగంలో వదిలేసే మనిషి కాదు. ఇది ఇంకెవరైనా చేశారా? అడిగి చెప్పు. దీని కొలతలు కూడా కావాలి.

నీ మరిది


వర్క్‌షాపు వెనక ఇల్లు
మంగళవారం

చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మీ అన్నయ్యకి ఇంకా చదవలేదు. ముందు నీకు రాసి, ఆ తర్వాత చదువుతాను. ఇక నీళ్ళు నమలను.

ఆ రోజు ఆ రబ్బరు వేస్తున్నది నేను. బోల్టులు బిగిస్తున్నది ఆయన. నేను సీలెంట్ పూసుకుంటూ రబ్బరు పరుస్తూ పోతుంటే, ఆయన వెనకాలే ఒక్కో బోల్టు బిగిస్తూ వస్తున్నారు. మేం ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళం. టింకరింగ్ ఆయనది, గుడ్డ, రబ్బరు, నీళ్ళు నావి. అయిదో బోల్టయ్యాక స్పానరు కింద పడిన చప్పుడైంది. నేను తలెత్తలేదు. "చూసుకోండి, పెయింటు మీద పడితే మళ్ళీ మీరే ఏడుస్తారు" అన్నాను. జవాబు రాలేదు. అప్పుడు తలెత్తాను. కారుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మూతి ఒక పక్కకి జారిపోయింది. నావైపే చూస్తున్నారు, ఏదో అడుగుతున్నట్టు.

అది పది నెలల క్రితం. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. కాలు ఇప్పుడు కర్ర సాయంతో నడిచేంత వచ్చింది. చెయ్యి రాలేదు. మాట ఒకటీ అరా వస్తోంది. అందుకే ఫోను తియ్యలేదు. అందుకే ఆయన ఉత్తరం రాయలేదు.

ఆ వారమే మా చెల్లికి ఆపరేషను. నువ్వు ఆస్పత్రి వరండాలో పడుకుంటున్నావని మాకు తెలుసు. ఆయన స్పృహలోకి వచ్చాక నేను నీ పేరెత్తితే, ఎడంచేత్తో నా నోరు మూశారు. ఇంకోసారి ఎత్తితే మళ్ళీ మూశారు. తర్వాత మీకు మంచి రోజులొచ్చాయి, అప్పుడు చెబుదామంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని భయం వేసింది. రోజు గడిచేకొద్దీ నోరు ఇంకా బరువెక్కింది. తప్పు నాదే.

చివరి రెండు బోల్టులు పక్కింటాయన బిగించి ఉంటాడు, కారు పక్కకి తోసేటప్పుడు. నేను మళ్ళీ ఆ కారు వంక చూడలేదు. షట్టరు దించేశాను. కారు నీకు పంపమన్నది మాత్రం నిజంగా ఆయనే. గోడ మీద నీ ఫోటో చూపించి, తాళాలు చూపించారు. ఎన్ని నెలల తర్వాతో అదే ఆయన నాకు స్పష్టంగా చెప్పిన మొదటి సంగతి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. "మీ అన్నయ్యని అడిగి రాయి" అంటూ వచ్చావు. నీకు రాసిన ప్రతి సలహా నాదే. ఆయన విని తలూపేవారు, ఒక్కోసారి వద్దని వేలు ఊపేవారు, నేను మార్చి రాసేదాన్ని. అన్నయ్య చెప్పారనుకుంటేనే నువ్వు వింటావని ఊరుకున్నాను.

టాపు మీద అనుమానం వద్దని గొప్పగా రాశాను. కారింది నా పనిలోనే. కొలతలు పంపను. అది నా చేత్తో ముగించాల్సిన పని. వీలుంటే కారు తీసుకుని రా. చెల్లిని తీసుకునిరా. నీకు కోపం వచ్చి ఉంటే, కోపంతోనే రా.

వదిన


మూడో అంతస్తు
శుక్రవారం ఉదయం

వదినా,

కోపం వచ్చింది. ఒక పూట ఉంది. మా ఆవిడ ఉత్తరం చదివి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "నా ఆపరేషను అయిపోయిందని నువ్వు వాళ్ళింటికి పరిగెత్తుకెళ్ళి చెప్పావా? కార్డు ముక్క పడేశావు. ఇప్పుడు వాళ్ళ మీద కోపమా?" అంది. దాంతో నా కోపం నీరుగారిపోయింది.

నేనూ ఒకటి దాచాను. బుల్లిదాన్ని అమ్మేద్దామనుకున్నాను. పాత కార్లు కొనే ఆయన ఒకడు నెలాఖరుకి వస్తానన్నాడు. నీళ్ళు ఆగితే మంచి ధర పలుకుతుందని, అందుకే తొందరపడ్డాను. మీ ఇద్దరి ఓపికతో కారు బాగుచేయించుకుని ఇంకొకడి చేతిలో పెట్టబోయాను. నిన్న ఆయనకి రావద్దని చెప్పేశాను. ఇది నీకు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఇంకా సిగ్గుపడే మాట. "అన్నయ్య చెప్పారనుకుంటేనే వింటావని" అన్నావు. నిజమే. నువ్వు చెబుతున్నావని తెలిస్తే, విని ఊరుకుని ఇంకో మెకానిక్‌ని వెతుక్కునేవాణ్ణి. ఇరవయ్యేళ్ళు ఆ వర్క్‌షాపులో తిరిగాను. నువ్వు మిషను ముందు కూర్చుంటే సీటు కవర్లు కుడుతున్నావనుకున్నాను. ఒక్క రోజూ దగ్గరికొచ్చి చూడలేదు.

నన్ను పెంచింది మీ ఇద్దరూ. నా ఫీజు రేకు చప్పుడుతోనే కాదు, నీ మిషను చప్పుడుతో కూడా వచ్చింది. ఈ వయసులో తెలిసింది, తెలిసినందుకైనా సంతోషం.

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. సీలెంట్ కొనకు, నేను తెస్తున్నాను. అన్నయ్యకి అన్నీ చదివెయ్. అమ్మబోయిన సంగతి కూడా చదువు.

నీ మరిది


మూడో అంతస్తు
బుధవారం

వదినా,

ఇంటికి తిరిగి చేరాం. దారంతా వాన. సగం దూరం ముందు బండి లైటు తప్ప ఏమీ కనపడలేదు. మా ఆవిడ అరగంటకోసారి వంగి కార్పెట్టు తడిమి, "పొడి" అనేది. మళ్ళీ అరగంటకి "పొడి". ఇంటికొచ్చి న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా ఉంచాం. పొద్దున ఆ పేపరు మీదే పెట్టుకుని కాఫీ తాగాం, అంత పొడి.

నువ్వు పనిచేస్తుంటే నేను పక్కన కూర్చుని చూశాను చూడు, అది నాకు ఈ ఏడాదిలో దొరికిన మంచి రోజు. పాత రబ్బరు చివర ఏటవాలుగా కోసి, కొత్త ముక్కని దానికి ఏటవాలుగానే అతికించావు. అతుకు ఎక్కడో నా పళ్ళ అద్దంతో చూసినా తెలియలేదు. బోల్టులు నన్ను బిగించమన్నావు. ఏడోది బిగిస్తుంటే అన్నయ్య తన ఎడంచెయ్యి నా చేతిమీద పెట్టి ఇంకో పావు తిప్పు తిప్పించాడు. ఆ బలం ఎక్కడికీ పోలేదు.

నువ్వు చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళినప్పుడు ఆయన నాతో ఒక మాట చెప్పాడు. నీకు చెప్పొద్దని వేలు ఊపాడు గానీ, ఈ ఇంట్లో దాచుకోవడాలు ఇక చాలు. ఒక్కో ముక్కా కూడబలుక్కుని, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు. "మీ వదిన... లేకపోతే... నా కార్లన్నీ... నీళ్ళ తొట్లే." అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను, ఆపైన కళ్ళు తుడుచుకున్నాను.

నెలకోసారి వస్తాం. నువ్వు వద్దన్నా వస్తాం.

నీ మరిది


వర్క్‌షాపు
ఆదివారం

చిన్నోడా,

తొట్లన్నారా? ఇన్నేళ్ళ కాపురంలో నా పని గురించి ఆయన అన్న మొదటి మంచి మాట, అదీ నా వెనకాల! ఉత్తరం చదువుతూ అక్కడికొచ్చేసరికి ఆపి ఆయన మొహంలోకి చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఈ ఉత్తరం వర్క్‌షాపులోంచి రాస్తున్నాను. షట్టరు ఎత్తాను. తుప్పు పట్టి రానంటే పక్కింటాయన వచ్చి భుజం పెట్టాడు. మీ అన్నయ్యకి కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి ఆ రోజు నన్ను కారు దగ్గర చూసిందట. "మా వ్యాను వెనక తలుపులోంచి నీళ్ళొస్తాయమ్మా, రెండేళ్ళుగా బకెట్ పెట్టుకు తిరుగుతున్నాను" అంది. తీసుకురమ్మన్నాను. నువ్వు వదిలి వెళ్ళిన నీలం కాగితాలు వాడాను. రబ్బరు కిందమూల నలిగిపోయింది, అంతే. మీ అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చుని, నేను తలుపు వేస్తుంటే ఎడంచేత్తో కాగితం లాగి చూశారు. ఒకచోట సులువుగా వచ్చేసింది. "పట్టు... లేదు" అన్నారు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, రెండు మాటలు కలిపి అనడం అదే మొదటిసారి తన లెక్కలో. "రోజూ అరగంట ఈ కసరత్తే చేయించండి" అని కాగితం మీద రాసిచ్చి పోయింది. నీతో అన్న తొట్ల మాట తనకి చెప్పలేదు, మన మధ్యే ఉండనీ.

నువ్వు మొదటి ఉత్తరంలోనే థాంక్స్ రాశావు. నేను సరిగ్గా రాయడం కుదరలేదు, ఇప్పుడు రాస్తాను. ఆయన పడిపోయిన రోజు నుంచి ఈ గడప తొక్కిన ప్రతివాళ్ళూ "ఎలా ఉన్నారు?" అనే అడిగారు. మంచివాళ్ళే, ప్రేమతోనే అడిగారు. జవాబు చెప్పీ చెప్పీ నేను రోగి భార్యనైపోయాను, ఆయన రోగి అయిపోయారు. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం ఇద్దరం బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. నీళ్ళెటు నుంచి వచ్చుంటాయని నేను వేలితో బల్ల మీద గీస్తే, ఆయన వేలు పెట్టి ఇటు కాదు అటు అని దిద్దేవారు. అన్నం చల్లారిపోయేది. ఒక కారు గురించి వాదించుకుంటున్న ఇద్దరు పనివాళ్ళం, అంతే. నీకు తెలీకుండానే ఆ నాలుగు నెలలు మమ్మల్ని మోశావు. అందరిలోకీ నువ్వొక్కడివే "ఇదెలా చెయ్యాలి?" అని అడిగావు.

అమ్మబోయిన సంగతి కూడా చదివాను. భుజం ఎగరేసి నవ్వారు. మనసులో పెట్టుకోకు.

కొత్త ఫెల్టు వేసే ముందు ఫ్లోరుకి పెయింటు పూయడం మరిచిపోకు. రెండు పూతలు, మధ్యలో ఒక రోజు. చెల్లి చేత ఎక్కువ బరువులు మోయించకు. ఇంకా ఏమైనా కారుతుంటే రాయి. కారకపోయినా రాయి.

వదిన